ఫిల్మ్ సిటీ దగ్గర విడిది: గది అద్దెలు – ఒక పరిశీలన

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

సావనీరుకు ఒక వ్యాసం ఇమ్మని మన యూనియన్ వారు అడిగినప్పుడు, కాంతి గురించో, జీవకణం గురించో రాయాలని మొదట అనుకున్నాను. కాని ఆ విషయాలు నాకన్నా మన లెక్చరర్లు వెయ్యి రెట్లు బాగా చెప్పగలరు. నేను స్వయంగా దెబ్బతిని నేర్చుకున్న పాఠం మాత్రం ఒకటుంది. అది ఏ సిలబసులోనూ లేదు. అయినా ప్రతి ఏటా టూరుకు పోయే మన కాలేజీ విద్యార్థులందరికీ పనికొస్తుంది. కాబట్టి దాన్నే రాస్తున్నాను. పెద్దలు తప్పులుంటే మన్నించగలరు.

2024లో మా క్లాసు వాళ్ళం పదహారు మందిమి హైదరాబాదు టూరు పోవాలనుకున్నాం. ముఖ్యంగా చూడవలసింది రామోజీ ఫిల్మ్ సిటీ. రైతుబిడ్డవు, పైసకు పైస లెక్క చూస్తావు అని లెక్కల పని నాకప్పగించారు. జూలైలో ఒక లాడ్జికి ఫోన్ చేసి అద్దె కనుక్కుని, తలకు ఇంత అని నోటీసు బోర్డులో పెట్టాను. డబ్బులు వసూలయ్యేసరికి డిసెంబరు వచ్చింది. ప్రయాణం నాలుగు రోజులుందనగా రూములకు ఫోన్ చేస్తే అదే లాడ్జి, అవే రూములు, అద్దె దాదాపు రెండింతలు! మేము పోయేది శనివారం. పైగా పెళ్ళిళ్ళ రోజులు. వేరేచోట వెతికే వ్యవధి లేదు. తలకు ఏడు వందలు అదనంగా కట్టమని అందరికీ చెప్పవలసి వచ్చింది.

ఇద్దరు మానుకున్నారు. అందులో ఒకడు జ్వరమన్నాడు. జ్వరం లేదని నాకు తెలుసు. ఆ ఏడు వాళ్ళ వేరుశనగ చేను ఎండిపోయిందనీ తెలుసు. ఇంట్లో ఒకసారి డబ్బు అడిగినవాడికి రెండోసారి అడగడానికి నోరు రాలేదు. ఫిల్మ్ సిటీలో అందరం ఫోటోలు దిగుతుంటే నాకు మాత్రం వాడే గుర్తుకొచ్చాడు. వాడు రాకపోవడానికి కారణం పేదరికం కన్నా నా అజ్ఞానమే ఎక్కువ అని నా మనసుకు తోచింది.

నాయన చెప్పిన సూత్రం

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఈ సంగతి మా నాయనకు చెప్పాను. మాది మదనపల్లె దగ్గర పల్లె. టమాటా పండిస్తాం. మండీకి బాక్సులు తోలుకుపోయే దోవలో ఆయన అంతా విని, "ఏంరా, చదువుకుంటా ఉండావు, ఇది తెలీదా? రూము గూడా టమాటా మాదిరే గదరా. ఈ రాత్రి అమ్ముడుబోకపోతే రేపటికి అది ఎవురిదీ కాదు" అన్నాడు.

ఆ మాట నాలో ఉండిపోయింది. హాస్టలుకు తిరిగొచ్చాక లైబ్రరీలో చదివి చూస్తే, మా నాయన చెప్పినదే అర్థశాస్త్రం వాళ్ళూ చెబుతున్నారు. బియ్యం బస్తా ఈరోజు అమ్మకపోతే రేపు అమ్మవచ్చు. కాని మంగళవారం రాత్రి ఖాళీగా ఉన్న గదిని బుధవారం అమ్ముకోలేం. ఆ రాత్రి పోయింది, ఆ డబ్బూ పోయింది. అందుచేత హోటలు గది అనేది గోడలతో కట్టిన పచ్చి సరుకు.

ఇంకొక విషయం కూడా గమనించాలి. హోటలు కట్టడానికైన అప్పు, దాని వడ్డీ, పనివాళ్ళ జీతాలు – ఇవన్నీ గది నిండినా నిండకపోయినా ఒకటే. ఒక మనిషి వచ్చి పడుకున్నందువల్ల అదనంగా అయ్యే ఖర్చు దుప్పటి ఉతుకు, సబ్బు, నీళ్ళు, కరెంటు మాత్రమే. కాబట్టి ఖాళీ రోజున ఈ చిన్న ఖర్చుకు పైన ఎంత వచ్చినా యజమానికి లాభమే. రద్దీ రోజున మాత్రం అతను తగ్గడు. తగ్గవలసిన పని లేదు.

లిటిల్‌వుడ్ సూత్రం

దీన్ని లెక్కగా చెప్పినవాడు కెన్ లిటిల్‌వుడ్. ఈయన బి.ఓ.ఏ.సి. అనే బ్రిటిష్ విమాన సంస్థలో పనిచేసేవాడు. విమానం సీటు కూడా పచ్చి సరుకే. విమానం లేచాక ఖాళీ సీటుకు విలువ లేదు. తక్కువ టికెట్టుకు ఇప్పుడే అమ్మాలా, ఎక్కువ ధర ఇచ్చేవాడి కోసం ఆగాలా అనే ప్రశ్నకు ఆయన 1972లో ఒక సూత్రం చెప్పాడు. 1980 దశకంలో అమెరికా విమాన సంస్థలు ఇటువంటి లెక్కలను కంప్యూటర్లతో పెద్దయెత్తున ఆచరణలో పెట్టాయి. తరువాత హోటళ్ళు అందుకున్నాయి.

సూత్రం ఇది: పెద్ద ధరను, ఆ ధరకు అమ్ముడుపోయే సంభావ్యతతో గుణించాలి. వచ్చిన అంకె కన్నా చిన్న ధర ఎక్కువైతే ఇప్పుడే అమ్మెయ్యాలి. తక్కువైతే ఆగాలి.

ఉదాహరణకు ఒక గది పెద్ద ధర 2,000 రూపాయలు, చిన్న ధర 1,200 అనుకుందాం. 2,000ను 0.6తో గుణిస్తే 1,200. అనగా 2,000 ఇచ్చేవాడు వచ్చే అవకాశం నూటికి అరవై కన్నా తక్కువని తోస్తే, యజమాని 1,200కు ఒప్పుకోవడం తెలివైన పని. శనివారానికి ఆ అవకాశం నూటికి తొంభై కావచ్చు. అప్పుడు 1,800 లోపల ఇవ్వడు. మంగళవారానికి నూటికి ముప్పై కావచ్చు. అప్పుడు 600 వచ్చినా చాలునన్న మాట.

ఇందులో మనకు నీతి ఏమంటే, బేరం అనేది నోటి చాతుర్యం కాదు. సంభావ్యత తక్కువగా ఉన్న రోజును వెతుక్కోవడమే అసలు బేరం. నేను జూలైలో విన్నది ఖాళీ కాలపు ధర. డిసెంబరులో కట్టింది రద్దీ ధర. రెండూ ఒకటే అనుకోవడం నా తప్పు.

గేటు పక్కన గది ఎందుకు ప్రియం?

దీనికొక చరిత్ర ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్‌లో వాల్ట్ డిస్నీ 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచాడు. అంతకుముందు ఆ 160 ఎకరాల నేలలో నారింజ తోటలుండేవి. పార్కు కట్టేసరికి డిస్నీ దగ్గర డబ్బు అయిపోయింది. అందువల్ల పక్కనే హోటలు కట్టే పని జాక్ రాథర్ అనే మరొక వ్యాపారి చేతికి పోయింది. పార్కు చుట్టూ రోడ్డు పొడవునా ఎవరెవరో మోటళ్ళు కట్టుకున్నారు. జనాన్ని రప్పించింది ఒకరు, వాళ్ళు పడుకునే గదుల డబ్బు మరొకరికి!

డిస్నీ ఇది మరచిపోలేదు. తరువాత ఫ్లోరిడా రాష్ట్రంలో రెండో పార్కు కోసం వేరే వేరే పేర్లతో, గుట్టుగా, సుమారు 27,000 ఎకరాలు కొనిపించాడు. కొనేది డిస్నీ అని 1965లో బయటపడగానే చుట్టుపక్కల భూముల ధరలు ఆకాశానికంటాయి. ముందే అమ్ముకున్న రైతులు ఏమనుకున్నారో మనం ఊహించవచ్చు. 1971 అక్టోబరు 1న ఆ పార్కు తెరిచేనాటికి హోటళ్ళు కూడా దాని ఆవరణలోనే ఉన్నాయి.

అప్పటినుంచి వినోద నగరి పక్కన గది అంటే రెండు సరుకులు కలిపి అమ్మినట్లు. ఒకటి పడక, రెండోది దగ్గరతనం. పడకకు ఎంత, దగ్గరతనానికి ఎంత అని విడదీసి చూసుకున్నవాడు మోసపోడు.

మన ఫిల్మ్ సిటీ సంగతి

రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. హైదరాబాదు నడిబొడ్డు నుంచి సుమారు 30 కిలోమీటర్లు, విజయవాడ రోడ్డులో, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. 1,666 ఎకరాల ఈ ఆవరణను ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకం గుర్తించింది.

విడిదికి ఇక్కడ మూడు వలయాలున్నాయని అనుకోవచ్చు.

మొదటి వలయం: ఫిల్మ్ సిటీ లోపల. సితార, తార వంటి పెద్ద హోటళ్ళూ, శాంతినికేతన్, సహారా వంటి సాదా వసతులూ ఉన్నాయి. గదితో పాటు ప్రవేశ టికెట్టు, భోజనం కలిపి ప్యాకేజీలుగా ఇస్తారు. చూడగానే ధర పెద్దదిగా కనబడుతుంది. కాని టికెట్టు, భోజనం ఖర్చు అందులోంచి తీసేసి మిగిలినదే గది ధర అని గ్రహించాలి. అలా చూస్తే ఒక్కొక్కప్పుడు మనం భయపడినంత ఉండదు.

రెండో వలయం: గేటు నుంచి హయత్‌నగర్ వరకు హైవే వెంబడి. ఇక్కడ ఫంక్షన్ హాళ్ళు ఎక్కువ. కాబట్టి పెళ్ళి రోజుల్లో ఈ లాడ్జీలు మగపెళ్ళి వారితో నిండిపోతాయి. నేను దెబ్బతిన్నది ఈ వలయంలోనే.

మూడో వలయం: వనస్థలిపురం, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఇంకా లోపలికి పోతే మలక్‌పేట, నాంపల్లి, లక్డీకాపూల్. ఎల్.బి.నగర్ నుంచి ఫిల్మ్ సిటీ ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. మియాపూర్–ఎల్.బి.నగర్ మెట్రో లైను 2018 సెప్టెంబరులో పూర్తి కావడంతో నాంపల్లిలో పడుకున్నవాడు కూడా ఎల్.బి.నగర్ వరకు రైలులో వచ్చి, అక్కడ ఆర్టీసీ బస్సు ఎక్కవచ్చు. వలయం దాటేకొద్దీ దగ్గరతనపు ధర తగ్గి, పడక ధర మాత్రమే మిగులుతుంది. లాడ్జీల సంఖ్య కూడా పెరుగుతుంది కాబట్టి పోటీ ఎక్కువ.

పంచాంగం చూసి రూము తీసుకోండి

ఇది హాస్యానికి రాస్తున్నది కాదు. మన ప్రాంతంలో గది అద్దెను నిర్ణయించేవి నాలుగు.

(1) వారం: వినోద స్థలాల దగ్గర శని ఆదివారాలు ప్రియం, మంగళ, బుధ, గురువారాలు చవక. ఆఫీసుల పేటల్లో దీనికి సాధారణంగా తలకిందులు. పనిమీద వచ్చేవాళ్ళు శుక్రవారం వెళ్ళిపోతారు కాబట్టి అక్కడి హోటళ్ళు వారాంతంలో తగ్గుతాయి. తప్పనిసరిగా శనివారమే పోవలసివస్తే ఇది గుర్తుంచుకోండి.

(2) సెలవులు: దసరా, వేసవి, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు – ఇవి రద్దీ కాలాలు.

(3) ముహూర్తాలు: మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పెళ్ళిళ్ళ నెలలు. ఆషాఢం, పుష్యం శూన్యమాసాలు. మూఢం వస్తే ముహూర్తాలే ఉండవు. పెళ్ళి లేకపోతే పెళ్ళివారు లేరు. పెళ్ళివారు లేకపోతే హైవే లాడ్జీలో రూము ఖాళీ.

(4) పరీక్షలు: పెద్ద ఉద్యోగ పరీక్ష ఉన్న ఆదివారం, దాని ముందురోజు దిల్‌సుఖ్‌నగర్ వైపు రూము దొరకడం కష్టం. తేదీ ఖాయం చేసేముందు ఒకసారి పేపరు చూడాలి.

లెక్క వేసే పద్ధతి

బోర్డు మీద రాసిన అద్దెలను పోల్చకూడదు. తలకు పడే మొత్తం ఖర్చును పోల్చాలి. అంటే గది అద్దె, పన్ను, అదనపు పరుపు, రానుపోను చార్జీలు అన్నీ కూడి, మనుషుల సంఖ్యతో భాగించాలి.

పన్ను విషయం: 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 5 శాతం. మేము పోయిన 2024లో అది 12 శాతం. బోర్డు మీద ధర పన్నుతో కలిపా, విడిగానా అని నేను అడగలేదు. అది నా రెండో తప్పు.

ఇప్పుడొక ఉదాహరణ. అంకెలు ఊహించినవే, పద్ధతి ముఖ్యం. పన్నెండు మంది, గదికి ముగ్గురు చొప్పున నాలుగు గదులు, ఒక రాత్రి.

గేటు దగ్గర గది 2,800 అనుకుంటే నాలుగింటికి 11,200, పన్ను 560, మొత్తం 11,760. తలకు 980.

ఎల్.బి.నగర్‌లో గది 1,500 అనుకుంటే నాలుగింటికి 6,000, పన్ను 300, మొత్తం 6,300. తలకు 525. దీనికి రానుపోను చార్జీ తలకు 80 కలిపితే 605.

తేడా తలకు 375. ఒకవేళ రాత్రి బస్సు తప్పిపోయి ఆటోలకు 1,200 ఇచ్చుకున్నా తలకు వంద పెరుగుతుంది, అంతే. అప్పటికీ 275 మిగులు. కాని పన్నెండు మంది కాక ఇద్దరే పోతే ఆ ఆటో ఖర్చే తలకు 600! అప్పుడు గేటు దగ్గర గదే నయం. ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉన్నా దగ్గరతనం కొనుక్కోవడమే మంచిది. కాబట్టి చవక గది అంటే అందరికీ ఒకే గది కాదు. మందికి ఒక లెక్క, ఇద్దరికి ఒక లెక్క.

ఫోనులో అడగవలసినవి

ఒకటి, చెకౌట్ ఇరవై నాలుగు గంటలదా, మధ్యాహ్నం పన్నెండుకా? మనం రాత్రి రైలెక్కి పొద్దున ఆరింటికి దిగుతాం. ఇరవై నాలుగు గంటల లాడ్జి అయితే మర్నాడు ఆరు వరకు మనదే. పన్నెండు పద్ధతి అయితే ఆ పూటకే ఇంకో రోజు అద్దె అడగవచ్చు. అద్దెలో రెండు వందలు తక్కువని పోయి ఒక రోజు అద్దె నష్టపోవద్దు.

రెండు, గదికి ఎంతమందిని ఒప్పుకుంటారు? అదనపు పరుపుకు ఎంత?

మూడు, పన్ను కలిపేనా? జీఎస్టీ నంబరుతో బిల్లు ఇస్తారా?

నాలుగు, అడ్వాన్సు ఎంత? మానుకుంటే ఎన్ని రోజుల ముందు చెబితే తిరిగి ఇస్తారు?

ఐదు, ఆడపిల్లలుంటే వాళ్ళ గదులన్నీ ఒకే అంతస్తులో, పక్కపక్కన ఇస్తారా? రాత్రి కౌంటరులో మనిషి ఉంటాడా? దీనికి సరైన జవాబు రాకపోతే ఎంత చవకైనా వద్దు.

ఫోనులోని యాప్‌లో ధర చూడటం మంచిదే. అయితే అక్కడ చూశాక నేరుగా లాడ్జికి కూడా ఫోన్ చేయాలి. యాప్ వాళ్ళకు లాడ్జి వాళ్ళు కమీషను ఇచ్చుకోవాలి. మండీలో మాకు ఎంత కోత పడుతుందో మాకు తెలుసు కాబట్టి ఇది త్వరగా అర్థమైంది. నాలుగైదు గదులు ఒకేసారి తీసుకుంటామంటే ఆ కమీషనులో కొంత మనకు తగ్గించడానికి యజమానికి ఇబ్బంది లేదు. ఒప్పుకున్న మాటలన్నీ మెసేజిలో రాయించుకోవాలి. నోటిమాట కౌంటరు దగ్గర నిలబడదు.

ఈ పద్ధతి ఫిల్మ్ సిటీకే కాదు. రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లాకు పోయినా, ఇంకెక్కడికి పోయినా ఇంతే.

చివరి మాట

2026 జనవరిలో మా జూనియర్ల టూరుకు లెక్క మళ్ళీ నాకే ఇచ్చారు. భయపడుతూనే ఒప్పుకున్నాను. ఈసారి డబ్బు వసూలు మొదలుపెట్టకముందే తేదీ ఖాయం చేశాం. పుష్యమాసంలో మంగళవారం, సంక్రాంతి రద్దీ ఇంకా మొదలుకాకముందు. నెల ముందు ఆరు లాడ్జీలకు ఫోన్ చేసి, తలకు పడే ఖర్చు కాగితం మీద వేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై నాలుగు గంటల లాడ్జి తీసుకున్నాం. నోటీసు బోర్డులో రాసిన మొత్తం కన్నా తలకు నలభై రూపాయలు తక్కువే అయింది. ఆ నలభై తిరిగి ఇచ్చేశాం.

క్రితంసారి జ్వరమన్న మిత్రుణ్ణి నాకు తోడుగా రమ్మని పిలిచాను. వచ్చాడు. ఫిల్మ్ సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని సెట్టింగులు చూస్తూ, "ఈ ఇంటికి వెనకాల గోడ లేదురా!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. జ్వరం మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మన యూనియన్ వారికి ఒక చిన్న మనవి. ప్రతి టూరుకు తేదీ ముందు ఖాయం చేయండి, తరువాతే డబ్బు అడగండి. ఒకసారి బోర్డులో రాసిన మొత్తం పెరగకుండా చూడండి. పెరిగితే భరించడానికి యూనియన్ నిధిలో కొంత పక్కన పెట్టండి. మన కాలేజీలో చాలామందిమి పంట డబ్బుతో చదువుకునేవాళ్ళం. మన ఇళ్ళల్లో రెండోసారి అడగడం కష్టం. లెక్క ముందే సరిగ్గా వేస్తే ఎవరికీ జ్వరం రాదు.